ఏడు రోజుల వేంగి రాజు

వేంగి తూర్పు చాళుక్యుల రాగిరేకుల్లో రాజు పేరు పక్కనే ఏలుబడి లెక్క ఉంటుంది. కుబ్జ విష్ణువర్ధనుడు 18 ఏళ్లు, అతని కొడుకు జయసింహుడు 33 ఏళ్లు, ఆ తర్వాత జయసింహుడి తమ్ముడు ఇంద్రభట్టారకుడు 7 రోజులు. క్రీ.శ. 673 నాటి మాట అది. తర్వాతి రాజుల్లో కొక్కిలికి 6 నెలలు, బేత విజయాదిత్యుడికి 15 రోజులు. ఆ శాసనాలు రాసినవారంటే నాకు ఎనలేని గౌరవం. ఈజిప్టులో అబిడోస్ గుడిగోడ మీది రాజుల వరుసలోంచి టుటంఖమన్‌నే తీసేశారు. మనవాళ్లు వారం రోజుల రాజునూ వదల్లేదు. వదిలితే ఎలా? వంశం సాగింది అతని కొడుకు రెండో విష్ణువర్ధనుడితోనే. కోనసీమ ఆ వేంగి రాజ్యంలోదే. అమలాపురం, రాజోలు, కొత్తపేట బడుల్లో ఫారోల గురించి చెప్పేటప్పుడు ఇంద్రభట్టారకుడి పేరు కూడా చెప్పాలి, ఆ ఏడు రోజుల లెక్కతో సహా.