బంతి విసిరే చేతికి అండ ఎవరు?



వార్షికోత్సవ సభల్లో పెద్దలు తప్పకుండా చెప్పే మాట ఒకటుంది. "హైదరాబాద్‌లో ఆటో నడిపే ఆయన కొడుకు మహమ్మద్ సిరాజ్ ఇండియాకు ఫాస్ట్ బౌలర్ అయ్యాడు, మీరెందుకు కాలేరు?" అని. అందరం చప్పట్లు కొడతాం. ఆ మాటలో సగమే నిజముందని నా అభిప్రాయం.

సిరాజ్ గొప్పతనంలో రెండో మాట లేదు. 2020 నవంబరులో తండ్రి మహమ్మద్ గౌస్ చనిపోయేనాటికి అతను ఆస్ట్రేలియాలో ఉన్నాడు. ఇంటికి రాకుండా జట్టుతోనే ఉండిపోయాడు. డిసెంబరులో మెల్‌బోర్న్‌లో మొదటి టెస్టు ఆడాడు, జనవరిలో బ్రిస్బేన్‌లో ఒకే ఇన్నింగ్స్‌లో 5 వికెట్లు తీశాడు. 2023 ఆసియా కప్ ఫైనల్లో 21 పరుగులకే 6 వికెట్లు! 2025లో ఇంగ్లండ్‌లో అయిదు టెస్టులూ ఆడి 185 ఓవర్లకు పైగా వేశాడు. ఓవల్‌లో ఇండియా 6 పరుగుల తేడాతో గెలిచిన రోజు ఆఖరి వికెట్ పడగొట్టిందీ అతనే.

కానీ అతను చాలా ఏళ్లు శిక్షణ లేకుండా టెన్నిస్ బంతితో గల్లీ మ్యాచ్‌లు ఆడినవాడు. 2015లో గానీ రంజీలో అడుగుపెట్టలేదు. దీన్ని మనం ఘనంగా చెప్పుకుంటాం. నాకైతే అందులో ఘనత కనిపించదు. టెన్నిస్ బంతి దగ్గరే ఆగిపోయిన చేతులు ఎన్నో ఎవరు లెక్కగట్టారు?

ఇంకో ఇద్దరి సంగతి చూడండి. ఉత్తరప్రదేశ్‌కు చెందిన రింకూ సింగ్, దినేశ్ పటేల్ లక్నోలో స్పోర్ట్స్ కాలేజీ హాస్టల్లో ఉండి జావెలిన్ విసిరేవాళ్లు. బేస్‌బాల్ అంటే ఏమిటో తెలియదు. ఆ ఆటలో బంతి విసిరేవాణ్ణి పిచర్ అంటారు, మన బౌలర్ లాంటివాడే. 2008లో జరిగిన పోటీలో వేగంగా విసిరి, అదే ఏడాది అమెరికాలోని పిట్స్‌బర్గ్ పైరేట్స్ సంస్థలో పిచర్లుగా చేరారు. చేతి బలం ఒక్కటే ఉంటే ఇది జరిగేదా? తిండి, మైదానం, నేర్పే గురువు ఒకేచోట దొరికాయి.

అయితే ఇద్దరూ మేజర్ లీగ్ దాకా చేరలేదు. దినేశ్‌ను 2010లో వదిలేశారు. రింకూ మోచేతికి ఆపరేషన్ అయింది, 2018లో అతను డబ్ల్యూడబ్ల్యూఈ కుస్తీకి మారిపోయాడు. పార అరిగినట్టే చేయీ అరుగుతుంది. అందుకే "చదువు మానేసి ఆడు" అనేవాళ్లతోనూ, "ఆట మానేసి చదువు" అనేవాళ్లతోనూ నాకు పేచీయే. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేను. చదువు విలువ నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆటా చదువూ ఒకే కప్పు కింద దొరికే చోటు పేదపిల్లలకు ఉందంటే అది హాస్టలే.

మన చిల్లకూరు వైపు ఇసుక గనుల్లో పార పట్టినవాళ్ల పిల్లలున్నారు, విసురువల వేసే ఇళ్ల పిల్లలున్నారు. గురి చూసి విసరడం వాళ్లకు ఒకరు నేర్పాలా? చింతచెట్టును అడిగినా చెబుతుంది.

సభకు విచ్చేసే పెద్దలకు ఒక మనవి. సిరాజ్ పేరు చెప్పండి, సంతోషం. దాంతోపాటు అరడజను లెదర్ బంతులు, రెండు జావెలిన్లు, వారానికి మూడు సాయంత్రాలైనా వచ్చే పి.ఇ.టి. మాస్టారిని ఇప్పించండి. పరీక్షల నెలలో ఆ గది తాళంచెవి వార్డెన్ గారి దగ్గరే ఉండనివ్వండి, తమ్ముళ్లు ఏమీ అనుకోరు.