బండికి చోటు సరే, మన కాళ్లకేదీ?

కోఠీ, సుల్తాన్ బజార్లలో దొరకని వస్తువంటూ లేదు. చీరలు, జాకెట్టుకి మ్యాచింగ్ లైనింగు, గాజులు, పిల్లల పుస్తకాలు... అన్నీ ఉంటాయి. దొరకనిదల్లా బండి పెట్టుకునే చోటు. “పార్కింగు లేక మాల్‌కి పోతున్నాం” అన్న మాట మన ఇరుగుపొరుగు నోట ఎన్నిసార్లు వినలేదు! అందుకే బజారు మధ్యలో పార్కింగు భవనం కడతామంటే అందరం బాగుందంటాం. నేనూ అంటాను. కానీ కట్టకముందే, ఇల్లు నడిపే మనకు అలవాటైన రెండు ప్రశ్నలు అడగాలి. ఖర్చెవరిది? సుఖమెవరికి?

లెక్క చూద్దాం. ఒక కారు నిలపడానికి రెండున్నర మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు కావాలి. అంటే దాదాపు 15 గజాలు. మనలో చాలామంది పడగ్గది అంతే ఉంటుంది. వచ్చిపోయే దారి కూడా కలిపితే, ప్లానింగు వాళ్ల లెక్కలో ఆరుబయట ఒక్కో కారుకీ 23 చదరపు మీటర్లు, అంటే 27 గజాల పైమాటే. బజారు నడిమధ్యన గజం ధరెంతో ఒక్కసారి ఆలోచించండి. అంత చోటులో చిన్న కొట్టు పెట్టుకున్నవాడు నెలనెలా అద్దె కట్టాలి. అదే చోటు రోడ్డు పక్కన కారుకైతే చాలాచోట్ల ఊరికే!

ఆ అద్దె కడుతున్నది మనం. డబ్బుతో కాదు, కాళ్లతో. మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారిని తీసుకుని పండగ బట్టలకి వెళ్లినప్పుడల్లా ఇదే తంతు. ఫుట్‌పాత్ నిండా బళ్లు. వాటి పక్కనుంచి రోడ్డు మీదకి దిగి నడవాలి. ఒకసారి ఆటో ఒకటి ఆవిడ చేతిసంచిని రాసుకుంటూ పోయింది. ఇంకో అడుగు ఇటొస్తే ఏమయ్యేదో! అప్పట్నుంచి ఆవిడ బజారు మాటే ఎత్తడం మానేశారు.

చాలా ఇళ్లలో కారుంటే అది పొద్దున్నే మగవాళ్లతో ఆఫీసుకి పోతుంది. ఆడవాళ్లం బస్సో, ఆటోనో, స్కూటీనో. సుల్తాన్ బజార్‌కి 2020లో మెట్రో వచ్చింది. 2023 డిసెంబరులో తెలంగాణ బస్సుల్లో మనకి ఉచిత ప్రయాణం మొదలైంది. ఇలా వచ్చి దిగిన మనిషికి ముందు కావలసింది నడిచే దారి. పార్కింగు ప్లానులో ఆ దారి కూడా ఉండొద్దా?

పార్కింగు ఫీజు ఆ నేల విలువకి తగ్గట్టు ఉండాలని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానంలోనే రాశారు. మాల్స్‌లో మొదటి అరగంటకి డబ్బు తీసుకోకూడదని 2018లో తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్విచ్చింది. కొనుక్కోవడానికి వచ్చినవాళ్లని బాదకుండా అది మంచిదే. కానీ వీధి సంగతి వేరు, అది అందరి సొత్తు. వీధిలో ఊరికే పెట్టుకోనిస్తే, కోట్లు పోసి కట్టిన భవనంలోకి ఎవరు పోతారు? లిఫ్టులకి కరెంటు, కాపలావాళ్లకి జీతాలు, రిపేర్లు... ఫీజు రాకపోతే ఆ భారం ఆస్తిపన్ను మీద పడుతుంది. కారు లేని ఇల్లాలు కూడా కట్టాల్సిందే. ప్రైవేటు కంపెనీకి అప్పగిస్తే, అది షాపులు అద్దెకిచ్చుకుని పెట్టుబడి రాబట్టుకుంటుంది. తప్పులేదు. ఎన్నేళ్లకి, ఏ షరతుల మీదో జనానికి తెలియాలి.

ఫీజంటే గిరాకీ పోతుందని కొట్లవాళ్ల భయం. ఆ భయం ఎక్కడైనా ఒకటే. అమెరికాలో కాలిఫోర్నియాలోని పాసడీనా ఊళ్లో పాత బజారు వెలవెలబోతున్నప్పుడు మీటర్లు పెడతామంటే అక్కడి వ్యాపారులూ ఇలాగే వద్దన్నారు. వచ్చిన డబ్బు ఆ వీధులకే ఖర్చు పెడతామంటే ఒప్పుకున్నారు. 1993లో మీటర్లు వచ్చాయి. ఆ సొమ్ముతో ఫుట్‌పాత్‌లు బాగయ్యాయి, చెట్లొచ్చాయి, దీపాలొచ్చాయి. బజారు మళ్లీ కళకళలాడింది.

మనం అడగాల్సిందీ అదే. వీధిలో రేటు భవనంలో కన్నా ఎక్కువుండాలి. ఒక కారు చోటులో నాలుగైదు స్కూటీలు పడతాయి కాబట్టి స్కూటీకి నామమాత్రం తీసుకుంటే చాలు. సెల్లారులో మంచి వెలుతురుండాలి, కాపలాకి ఆడవాళ్లూ ఉండాలి. రాత్రి ఎనిమిదింటికి ఒంటరిగా ఆ మెట్లు దిగాలంటే గుండె దడదడలాడకూడదు. వసూలైన ప్రతి రూపాయికీ లెక్క బోర్డు మీద రాసి పెట్టాలి. అందులో నుంచే ఫుట్‌పాత్, వీధిదీపాలు, శుభ్రమైన ఆడవాళ్ల టాయిలెట్ రావాలి.

పాలవాడి పద్దు, చిట్టీల పద్దు పైసాతో సహా చూసేది మనమే. ఈ పద్దు మాత్రం మగవాళ్లకీ, ఆఫీసర్లకీ ఎందుకు వదిలేయాలి? ఈసారి ఓట్లకోసం మీ గుమ్మం తొక్కినవాళ్లని పార్కింగు సంగతి అడగండి. బళ్లు ఎక్కడ పెడతారనే కాదు, మమ్మల్ని ఎక్కడ నడవమంటారనీ అడగండి.