మీసేవలో పేదవాళ్లం, కాన్సులేట్‌లో ఉన్నవాళ్లం

శ్రీ అడ్లూరి లక్ష్మణ్ కుమార్ గారికి,
ఎస్సీ, ఎస్టీ సంక్షేమ శాఖ మంత్రి, ధర్మపురి శాసనసభ్యులు.

మంత్రి గారూ,

వెల్గటూర్ మండలంలో బడి పంతులుగా చేసి రిటైరైనవాణ్ణి. ఇప్పుడు నా దగ్గరికి వచ్చే పిల్లలు పాఠాల కోసం రారు, కాయిదాలు చదివించుకోవడానికి వస్తారు. అమెరికా యూనివర్సిటీలు పంపిన ఐ-20 ఫారాలు, బ్యాంకు లెటర్లు, సీఏ రాసిచ్చిన ఆస్తి లెక్కలు, చివరికి కాన్సులేట్ చేతిలో పెట్టి పంపిన తిరస్కరణ పత్రం. ఈ లేఖ మీకే రాయడానికి కారణం ఉంది. మా ఎమ్మెల్యే మీరు, అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధిని నడిపే శాఖా మీదే. ఇంతకుముందు ఆ శాఖ చూసిన కొప్పుల ఈశ్వర్ గారు కూడా ధర్మపురి నుంచి గెలిచినవారే. ఈ పథకం పగ్గాలు రెండుసార్లు మన నియోజకవర్గానికే వచ్చాయన్నమాట. మరి ఇక్కడి పిల్లల మాట ఇక్కడి నుంచే చెప్పాలి కదా.

పథకం గురించి మీకు నేను చెప్పేదేముంది? కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షలు దాటకూడదు. విదేశంలో చదవడానికి ఎంపికైన వారికి 20 లక్షల రూపాయలు, రెండు విడతల్లో. మొదటి 10 లక్షలు విద్యార్థి ఆ దేశంలో దిగి, దిగినట్టు కాయిదం పంపిన తర్వాత. రెండో 10 లక్షలు మొదటి సెమిస్టర్ ఫలితాలు చూపిన తర్వాత. 20 లక్షలంటే చిన్న మొత్తం కాదు. నా మాట మొత్తం గురించి కాదు, అది చేతికందే వేళ గురించి.

ఒకే ఇంటి నుంచి ఒకే నెలలో రెండు కాయిదాలు బయల్దేరతాయి. ఒకటి మీసేవ నుంచి, తహసీల్దారు సంతకంతో: ఈ కుటుంబం ఆదాయం 5 లక్షల లోపే. ఇంకొకటి వీసా ఫైల్లో: ఈ కుటుంబం ఏడాదికి ముప్పై లక్షలు ఖర్చు పెట్టగలదు. మొదటిది నిజం. రెండోది నిజం కావాలంటే మీరిచ్చే 20 లక్షలు అందులో ఉండాలి. కానీ అవి వీసా వచ్చి, విమానమెక్కి, అక్కడ దిగాకగానీ రావు. అందుకని పేదరికం రుజువైన ఇల్లే కాన్సులేట్ కిటికీ ముందు ఉన్నోళ్ల వేషం కట్టాల్సి వస్తోంది.

మొదటిసారి ఆ వేషం దొరికిపోతే ఏమవుతుందో చెప్తాను. 2023 మార్చి నుంచి అమెరికా కాన్సులేట్ హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో ఉంది. మన రాయపట్నం రోడ్డు నుంచి అక్కడికి రెండు వందల కిలోమీటర్ల పైన ప్రయాణం. వేలిముద్రలకు ఒక రోజు హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌కు, ఇంకో రోజు ఇంటర్వ్యూకు. ఇంటర్వ్యూ రెండు మూడు నిమిషాలు. ‘మీ నాన్న ఏం చేస్తారు? ఎవరు స్పాన్సర్?’ అక్కడితో సరి. చేతికిచ్చే పత్రం మీద అమెరికా వలస చట్టంలోని 214(బి) సెక్షన్ అని ఉంటుంది. అది అందరికీ ఒకే తీరుగా అచ్చేసిన పత్రం. డబ్బు చాలలేదని నమ్మారా, తిరిగి రాదనుకున్నారా, జవాబు నచ్చలేదా, అందులో రాయరు. అప్పీలు లేదు. మళ్లీ 185 డాలర్లు, అంటే పదహారు వేల రూపాయల పైన కట్టాలి. కొత్త ఫారం నింపాలి, కొత్త స్లాట్ దొరికేదాకా కాచుకోవాలి. కాస్త ఊరట ఏమిటంటే, అదే రకం వీసాకు ఏడాదిలోపు మళ్లీ వెళ్తే, విద్యార్థి నమోదుకు కట్టే 350 డాలర్ల సెవిస్ ఫీజు రెండోసారి కట్టనక్కర్లేదు. ఈ సంగతి తెలియక రెండోసారీ కట్టేసిన వాళ్లున్నారు.

కారణం తెలియదు కాబట్టి ఇంటిల్లిపాదీ డబ్బు మీదనే అనుమానపడతారు. కన్సల్టెన్సీ వాళ్లు కూడా అదే అంటారు. ‘ఈసారి ఫండ్స్ గట్టిగా చూపిద్దాం’ అనే మాట జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో వినని ఇల్లు తక్కువ. గట్టిగా చూపించడమంటే ఏమిటో మీకు తెలుసు. ఎవరి పైసలో కొన్నాళ్ల కోసం మన ఖాతాలోకి వస్తాయి, నూటికి రెండో మూడో రూపాయల మిత్తికి. పని కాగానే వెళ్లిపోతాయి. మిత్తి మాత్రం మనకు మిగులుతుంది. మొదటిసారి పద్దెనిమిది లక్షలు చూపిన ఇల్లు రెండోసారి నలభై లక్షలు చూపిస్తుంది. రెండు ఇంటర్వ్యూల మధ్య గడిచింది ఆరు వారాలే. పాత దరఖాస్తు ఆఫీసరు ముందు కంప్యూటర్‌లో ఉండనే ఉంటుంది. ఆరు వారాల్లో ఇరవై రెండు లక్షలు ఎక్కడివని ఆయన అడగకుండా ఉంటాడా? అడిగాక పిల్ల తడబడిందంటే మామూలు తిరస్కరణతో పోదు. అబద్ధపు పత్రం అని తేలిందా, అమెరికా వలస చట్టం ప్రకారం జీవితాంతం నిషేధం పడొచ్చు. ఇరవై రెండేళ్ల పిల్లకు!

మన మండలంలోని కోటిలింగాలలో దొరికిన నాణేల మీది పేర్లు చదివే కదా, శాతవాహనులకు ముందు గోబద, నారన, సమగోప అనే పాలకులు ఇక్కడ ఉన్నారని చరిత్రకారులు ఒప్పుకున్నారు. పైసలు దొరికితే చాలదు, కొట్టించింది ఎవరో తెలియాలి. వీసా ఆఫీసరు అడిగేదీ ఇంచుమించు అదే. అమెరికా నిబంధన కోరేది కోటీశ్వరుణ్ణి కాదు. మొదటి ఏడాది ఖర్చుకు సరిపడా డబ్బు ఉందని, తర్వాతి ఏడాదికి నమ్మదగిన ఆధారం ఉందని చూపమంటుంది. అంకె పెంచడం కంటే మూలం చూపడం ముఖ్యం. మళ్లీ దరఖాస్తు చేసే పిల్లలందరికీ నేను చెప్పేది ఇదే. కానీ చెప్పడం సులువు.

ఎందుకంటే మన ప్రాంతపు డబ్బుకు కాయిదం ఉండదు. తండ్రి దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు. పంపిన పైసలు కొంత బ్యాంకులో పడతాయి, కొంత మనుషుల చేతుల మీదుగా వస్తాయి. తల్లి బీడీలు చుడుతుంది. సిరిసిల్లలో అయితే తండ్రి మరమగ్గం మీద ఉంటాడు, వారం వారం కూలి. పొలం ఉన్న ఇంట్లో వడ్ల డబ్బు ఖాతాలోనే పడుతుంది గానీ, వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కాబట్టి ఐటీ రిటర్న్ ఉండదు. చిట్టీ ఎత్తుకున్న డబ్బుకు చీటీ కూడా ఉండదు. ఇవన్నీ నిజమైన పైసలే, కష్టపడి సంపాదించినవే. స్టేట్‌మెంట్‌లో మాత్రం ఎక్కడా కనిపించవు. అద్దెకు తెచ్చిన నలభై లక్షలు మాత్రం నిగనిగలాడుతూ కనిపిస్తాయి.

బ్యాంకు లోను తీసుకోవచ్చు కదా అంటారు. తీసుకోవచ్చు, ఏడున్నర లక్షల దాకా. అంతవరకు కేంద్రం విద్యా రుణాల గ్యారంటీ నిధి ఉంది, తాకట్టు అడగకూడదు. ఆ పైన అడుగుతారు. మన దగ్గర తాకట్టు పెట్టడానికి ఉన్నదేమిటి? పొలం. వ్యవసాయ భూమికి సర్ఫేసీ చట్టం వర్తించదు. అప్పు తీరకపోతే బ్యాంకు దాన్ని సులువుగా వేలం వేసుకోలేదు. కాబట్టి మొదటే వద్దంటుంది. ఇక మీ శాఖ చూసే కుటుంబాల్లో చాలామందికి ఉన్నది ప్రభుత్వం పంచిన లావణి పట్టా భూమి. దాన్ని అమ్మరాదని 1977 నాటి అసైన్డ్ భూముల చట్టమే చెప్తోంది. అమ్ముడుపోని భూమికి ఏ మేనేజరు విలువ కడతాడు? ఊళ్లో ఇల్లు గ్రామకంఠంలో ఉంటుంది, రిజిస్ట్రేషన్ కాయిదం ఉండదు. ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్ల కింద ఊరూ పొలమూ పోయిన వాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. ప్రధానమంత్రి విద్యాలక్ష్మి అని 2024 నవంబరులో కొత్త పథకం వచ్చింది గానీ, అది దేశంలోని కాలేజీలకే. కరీంనగర్‌లో రిజిస్టర్డ్ ప్లాటున్న వాడికి నలభై లక్షల లోను సాంక్షన్ లెటర్ వస్తుంది. వెల్గటూర్‌లో మూడెకరాలున్న వాడికి రాదు.

ఇప్పుడు మీ పథకాన్ని ఈ లెక్కలో పెట్టి చూడండి. 34 వేల డాలర్ల ఐ-20 అనుకుందాం. డాలరుకు 88 రూపాయలు వేసుకుంటే దగ్గర దగ్గర ముప్పై లక్షలు. పథకం ఇచ్చేవి 20 లక్షలు. రెండు విడతలూ మొదటి ఏడాదిలోనే రావాల్సినవి. తాకట్టు లేని బ్యాంకు లోను ఏడున్నర. మిగిలింది రెండున్నర లక్షలు. అది ఆ ఇల్లు నిజంగా చూపగలదు, తల్లి పీఎఫ్, వడ్ల డబ్బు, ఇంత బంగారం. ఎవరి దగ్గరా మిత్తికి తేనక్కర్లేదు. ఐ-20 కోసం యూనివర్సిటీకి పంపినా, ఆఫీసరు ముందు పెట్టినా, ప్రతి రూపాయికీ మూలం ఉంటుంది. మీసేవ కాయిదం కూడా అప్పుడు వ్యతిరేక సాక్ష్యం కాదు. ఇంత తక్కువ ఆదాయం ఉన్నందుకే ప్రభుత్వం డబ్బిస్తోందని అదే చెప్తుంది.

కావాల్సింది ఒక్క పేజీ. ‘ఫలానా విద్యార్థి ఎంపికైనాడు, వీసా వచ్చిన పక్షంలో తెలంగాణ ప్రభుత్వం 20 లక్షలు ఫలానా తేదీల్లో చెల్లిస్తుంది’ అని ఇంగ్లిషులో, డైరెక్టర్ సంతకంతో. ఎవరైనా ఫోన్‌లో చూసి సరిపోల్చుకునేలా మీద ఒక క్యూఆర్ కోడ్. ఇది వీసాకు ముందే చేతికి రావాలి. ఇప్పుడు దరఖాస్తు, సర్టిఫికెట్ల పరిశీలన, ఎంపిక అయ్యేసరికి చాలామందికి క్లాసులు మొదలయ్యే వేళ దాటిపోతోంది. అప్పటికే వెళ్లగలిగినవాడు ఎట్లాగో అప్పు చేసి వెళ్లిపోయి ఉంటాడు. వెళ్లలేనివాడికి ఎంపికతో పని లేదు. పేదల్లో మరీ పేదవాడు జల్లెడలో కిందికి జారిపోతున్నాడు.

దిగాకే డబ్బివ్వాలనే నిబంధన ఎందుకు పెట్టారో నాకు అర్థమవుతుంది. డబ్బు తీసుకుని వెళ్లకుండా ఉండిపోతే ఎట్లా అని. నేను డబ్బు ముందివ్వమనడం లేదు, మాట ముందివ్వమంటున్నాను. వీసా రాకపోతే ఆ కాయిదం చెల్లదని అందులోనే రాయండి. ఖజానాకు పైసా నష్టం లేదు. వీసా వచ్చాక మొదటి విడతను నేరుగా యూనివర్సిటీ ఖాతాకు పంపగలిగితే ఇంకా మంచిది, మధ్యలో మిత్తి వ్యాపారికి చోటుండదు.

అయితే ఆ మాట నిలబడాలి. ఓవర్సీస్ స్కాలర్‌షిప్ బకాయిలు ఏళ్ల తరబడి పేరుకుపోయి, 2025లో ప్రభుత్వం వాటిని విడుదల చేయడానికి పూనుకుంది. సంతోషం. కానీ చెల్లింపులు ఆలస్యమవుతాయని పేరు పడితే, మన కాయిదాన్ని ఏ యూనివర్సిటీ నమ్ముతుంది? అందుకే తేదీలు రాయమంటున్నాను.

అమెరికా ఒక్కటే కాదు. బ్రిటన్ అయితే ఇంకా కఠినం. లండన్‌లో చదివేవాడు ఫీజు కాక నెలకు 1,529 పౌండ్ల చొప్పున తొమ్మిది నెలల ఖర్చు చూపాలి. ఆ మొత్తం ఖాతాలో వరసగా 28 రోజులు ఉండాలి, ఒక్కరోజు తగ్గినా దరఖాస్తు పోయినట్టే. కెనడా అయితే ఫీజు, ప్రయాణం కాక 22,895 కెనడియన్ డాలర్లు అడుగుతోంది, జర్మనీ ఏడాదికి 11,904 యూరోలు ముందే బ్లాక్ చేయమంటోంది. దిగాక ఇచ్చే పది లక్షలు ఈ మూడు చోట్లా తలుపు దాటించలేవు.

మరో రెండు మాటలు. ఒకసారి తిరస్కరణ అయిన పిల్లల ఎంపికను తర్వాతి ఇంటేక్ దాకా నిలిపి ఉంచండి, మళ్లీ మొదటి నుంచి క్యూ కట్టించకండి. జగిత్యాల జిల్లా బ్యాంకర్ల సమావేశంలో మీ శాఖ అధికారి ఒకరు కూర్చుని, విద్యానిధికి ఎంపికైన పిల్లలకు ఏడున్నర లక్షల లోను ఎన్ని బ్రాంచీలు ఇచ్చాయో, ఎన్ని తిప్పి పంపాయో అడగాలి. అడిగేవాళ్లు లేకనే ‘పైకి పంపాం, ఇంకా రాలేదు’ అన్న జవాబుతో నెలలు గడుస్తున్నాయి.

ఇంతమంది పిల్లలు బయటికి పోవడం మంచిదేనా అని మా ఊళ్లోనే అడిగేవాళ్లున్నారు. నాకూ ఆ అనుమానం ఉంది. అది వేరే చర్చ. పథకం పెట్టిన తర్వాత దాని మొదటి మెట్టు ఎక్కలేనంత ఎత్తున ఉండకూడదు, అంతవరకే నా వాదన.

కాయిదం విలువ మీకు ఇంకొకరు చెప్పాలా? 2018 ఎన్నికల్లో 441 ఓట్ల తేడాతో ఓడారన్నప్పుడు మీరు కోర్టుకెళ్లి అడిగింది కాయిదాలే. 2023లో వాటి కోసం వెళ్తే జగిత్యాలలో స్ట్రాంగ్ రూమ్ తాళంచెవులు కనబడక ఎంత గోల అయిందో జిల్లా అంతా చూసింది. తన దగ్గర న్యాయం ఉన్నా, చూపించే పత్రం ఇంకొకరి గదిలో ఉన్నవాడి అవస్థ మీరు అనుభవించిందే. మా పిల్లలకు కావాల్సిన పత్రం ఉన్న గది మీ శాఖలో ఉంది, తాళంచెవి కూడా మీ దగ్గరే ఉంది. తర్వాతి విడత నోటిఫికేషన్ వచ్చేలోగా ఆ ఒక్క పేజీ నమూనా ఖరారు చేయించండి. కావాలంటే ఇంగ్లిషు ముసాయిదా నేను రాసి పంపుతాను, మీ అధికారులు దిద్దుకోవచ్చు.

ఇట్లు,
వెల్గటూర్ నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు