ఆటను అమ్ముకుంటే శిక్ష ఏ చట్టం కింద?

ఫలితం ముందుగా ఎవరికీ తెలియదన్న నమ్మకమే క్రీడకు ప్రాణం. ఆ నమ్మకాన్ని సొమ్ముకు అమ్ముకున్న ఆటగాడికి మన చట్టం ఏ శిక్ష విధిస్తుందని పాఠక మిత్రులు అడిగితే, సూటిగా బదులు చెప్పడం కష్టమే.

దక్షిణాఫ్రికా కెప్టెన్ హాన్సీ క్రోన్యే ఫోను సంభాషణలను 2000 ఏప్రిల్‌లో ఢిల్లీ పోలీసులు వెల్లడించినప్పుడు దేశం నివ్వెరపోయింది. సి.బి.ఐ. విచారణ జరిగింది. ఆ డిసెంబరులోనే క్రికెట్ బోర్డు మన హైదరాబాదుకు చెందిన అజహరుద్దీన్‌పై జీవితకాల నిషేధం విధించింది. ఆ నిషేధం చెల్లదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2012లో తీర్పు చెప్పింది. 2013 ఐ.పి.ఎల్. స్పాట్ ఫిక్సింగ్ కేసులో అరెస్టయిన శ్రీశాంత్ తదితరులపై అభియోగాలను ఢిల్లీ న్యాయస్థానం 2015లో కొట్టివేసింది.

చిక్కంతా చట్టంలోనే ఉంది. వంచన నేరం నిలవాలంటే ఒకరు మోసపోయి, ఆ మోసం వల్లనే తమ సొత్తును వదులుకోవాలి. ప్రేక్షకులు తమంత తాముగా టిక్కెట్టు కొంటారు కనుక మ్యాచ్ ఫిక్సింగ్ 420వ సెక్షన్ కిందికి రాదని 2022 జనవరిలో కర్ణాటక హైకోర్టు పేర్కొన్నది. క్రమశిక్షణ చర్య బోర్డు పనేనన్నది. 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ వంచన నిర్వచనం దాదాపు అదే.

ఇంగ్లాండు సంగతి వేరు. ప్రైవేటు ఉద్యోగి పుచ్చుకునే లంచాన్నీ నేరంగా పరిగణించే చట్టం అక్కడ 1906లోనే వచ్చింది. జూదంలో మోసాన్ని 2005 చట్టం నేరం చేసింది. 2010లో లార్డ్స్ మైదానంలో కావాలని నోబాల్స్ వేయించిన వ్యవహారంలో ముగ్గురు పాకిస్తాన్ ఆటగాళ్లకు 2011లో 6 నుంచి 30 నెలల వరకు నిర్బంధ శిక్షలు పడ్డాయి. శ్రీలంక 2019లో ప్రత్యేక చట్టం చేసి, 10 సంవత్సరాల వరకు కారాగార శిక్షకు వీలు కల్పించింది. మన లా కమిషన్ సైతం మ్యాచ్ ఫిక్సింగ్‌ను ప్రత్యేక నేరంగా పరిగణించాలని 2018 నాటి 276వ నివేదికలో సిఫారసు చేసింది. అది ఏళ్ల తరబడి కాగితాలకే పరిమితమయింది.

ప్రభుత్వ రంగ ఉద్యోగులమైన మనం బిల్లు ఆమోదానికి లంచం పుచ్చుకుంటే 1988 నాటి అవినీతి నిరోధక చట్టం ఉపేక్షించదు. కోట్లాది అభిమానుల విశ్వాసాన్ని అమ్ముకున్నవారికి బోర్డు నిషేధమే తుది శిక్ష కావడం న్యాయమా? ఆరోపణ వచ్చినంత మాత్రాన ఎవరూ దోషి కారన్నదీ మరువరాదు. నేరమేమిటో, రుజువేమిటో తేటతెల్లం చేసే చట్టం ఉంటే దోషి తప్పించుకోలేడు. నిర్దోషి ఏళ్లకేళ్లు నింద మోయనక్కరలేదు. ఆ చట్టం ఇద్దరికీ అవసరమని మా అభిప్రాయం.