కోటిపల్లి స్టేషను

కోనసీమకు రైలు లేదని విచారించువారు కోటిపల్లిని మఱచుచున్నారు. కాకినాడనుండి గౌతమీతీరమువఱకు 1928లో వేయబడిన యీ మార్గము ముక్తేశ్వరమున రేవు దాటివచ్చు మన జనులకు రైలుద్వారము. 1940లో యుద్ధావసరములకై పట్టాలను పెఱికికొనిపోయిరి. యుద్ధము ముగిసినను, స్వరాజ్యము వచ్చినను అవి తిరిగిరాలేదు! 2004లోగాని బండి మరల నడువలేదు. అందులకై పాటుపడిన బాలయోగిగారు దానిని చూడకయే 2002లో గతించిరి.

నరసాపురము మార్గము పూర్తియైననాడు కోటిపల్లి కొన స్టేషనుగా నుండక నడిమి స్టేషనగును; బండ్లు నిలిచి సాగిపోవును. అంతకు పూర్వమే యీ వృత్తాంతమును శిలాఫలకముపై చెక్కించి ప్లాటుఫారముపై నిలుపవలెనని రైల్వేవారిని కోరుచున్నాము. తొలినాటి టిక్కెట్లు, ఛాయాచిత్రములు ఇండ్లలో దాచియుంచినవారు వానిని చెదలపాలు గానీయక అచ్చట ప్రదర్శనమున కీయుదురుగాక.