తెట్టు తీసే యంత్రమూ, తేలిక జేబూ

మా చిన్ననాట బెల్లం వండే రోజుల్లో చెరకురసం మరుగుతుంటే మురికి నురుగు పైకి పొంగేది. దానిని తెట్టు అనేవారు. పొడవాటి గరిటెతో తెట్టు తీసిన కొలదీ పాకం తేటపడేది. ఉప్పునీటి చేపల తొట్టికి అమర్చే ప్రోటీన్ స్కిమ్మర్ చేసేదీ ఇంచుమించు అదే పని గనుక దానిని నేను తెట్టుతీత అంటున్నాను. ఇంతకన్న మంచిమాట తోచినవారు చెబితే సంతోషంగా మార్చుకుంటాను.

మాది మేడ్చల్. ఇక్కడి నుండి సూర్యలంక సముద్రం మూడు వందల కిలోమీటర్ల పైమాటే. శామీర్‌పేట చెరువుగట్టున కూర్చుని సముద్రపు చేపలను పెంచాలని కలగనడం కొంత విపరీతమే, అయినా కన్నాను. మూడడుగుల తొట్టి, రాళ్ళూ ఇసుకా పోను సుమారు 130 లీటర్ల నీరు, రెండు క్లౌన్ చేపలు. ఇవి తొట్లలో పుట్టి పెరిగినవే. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వీటిని పొదిగించే పద్ధతిని ఏనాడో రూపొందించింది. పగడాల జోలికి మాత్రం పోలేదు. 2001 నుండి మన తీరపు పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి.

చేపల విసర్జనలోనూ, మిగిలిన మేతలోనూ ఉండే సేంద్రియ పదార్థాలలో కొన్నింటికి ఒక కొస నీటిని కోరుతుంది, రెండవ కొస నీటిని తప్పించుకోజూస్తుంది. అవి గాలిబుడగ అంచును పట్టుకుని పైకి తేలి, నురుగై, కప్పులోకి చేరుతాయి. ఉప్పునీటిలో బుడగలు ఒకదానిలో ఒకటి కలిసిపోక సన్నగా నిలుస్తాయి. మంచినీటి తొట్లలో ఈ యంత్రం దాదాపు దండుగ కావడానికి కారణమదే. మురికి కుళ్ళి అమోనియా కాకమునుపే తీసివేయడం దీని ప్రజ్ఞ. ఒకసారి తయారైన నైట్రేటును ఇది తీయలేదు. దానికి నీరు మార్చవలసిందే. అమ్మేవారు ఈ రెండవ సంగతి చెప్పరు.

నాకూ చెప్పలేదు. పెట్టె మీద 300 లీటర్లకు సరిపోతుందని రాసి ఉన్న చవక యంత్రాన్ని కొన్నాను. దాని గొట్టం జానెడు. బుడగకూ నీటికీ పరిచయమయ్యే లోపలే నీరు బయటపడుతుంది. కొత్త యంత్రం కుదురుకోవడానికి వారం పది రోజులు పడుతుందన్నారు. నెల గడిచినా కప్పులోకి తేనీటి రంగు తెట్టు రాలేదు, తేటనీరే వచ్చింది. ఇంతలో వేసవి గాలివానకు స్తంభాలు కూలి రాత్రంతా కరెంటు లేదు. వేడినీటిలో ప్రాణవాయువు అసలే తక్కువ నిలుస్తుంది. తెల్లవారేసరికి ఒక చేప అడుగున పడి ఉంది. మా అమ్మాయి ఆ రోజు బడికి పోనంది. యంత్రం మంచిదైనా ఆ రాత్రి ఆగిపోయేదే కదా అని మా ఆవిడ అన్నమాట నాకు నెలల తరబడి పనిచేసింది.

అందుచేత నా అభిప్రాయమిది. చేతిలో డబ్బు తక్కువైతే మోటారుతో నడిచే చవక యంత్రం కన్నా పాతకాలపు గాలితో నడిచే పొడవాటి తెట్టుతీత మేలు. నిలువెత్తు గొట్టం, అడుగున లైమ్‌వుడ్ బిళ్ళ, పక్కన ఒక ఎయిర్ పంపు. (లైమ్‌వుడ్ అంటే మన నిమ్మకలప కాదు, ఐరోపా లిండెన్ చెట్టుది. నేనూ పొరబడ్డాను.) గొట్టం ఎంత పొడవైతే బుడగ అంతసేపు నీటితో ఉంటుంది. కరెంటు పోతే బ్యాటరీ ఎయిర్ పంపు తగిలిస్తే సరి, కొంత నెమ్మదిగానైనా ఊపిరి ఆగదు. బిళ్ళను తరచూ మార్చాలి, ఆ విసుగు ఉంది. పెట్టె మీది లీటర్లను మాత్రం సగానికి సగం కోసి చదువుకోండి.

ఆ పాటి డబ్బు కూడా లేదంటారా? చేపలను తగ్గించండి. మేడ్చల్ బోరునీరు గచ్చుమీద తెల్లని పూత వదిలే రకం కాబట్టి ఆర్వో నీరే వాడాలి. వారానికి 13 లీటర్లు మార్చాలంటే ఉప్పు సుమారు అరకిలో కావాలి. రెండు చేపలకు ఆ క్రమం తప్పకపోతే తెట్టుతీత లేకున్నా సాగుతుంది. ఆరు చేపలు వేసి చవక యంత్రాన్ని నమ్ముకోవడమే నాకు సమ్మతం కాదు.

మిగిలిన చేప బాగానే ఉంది. నిన్న ఆదివారం బిళ్ళ మార్చాను. కప్పులో రెండంగుళాల నల్లని తెట్టు చేరింది, వాసన భరించలేము. మా అమ్మాయే ముక్కు మూసుకుని తీసుకుపోయి పారబోసి వచ్చింది.