మేత భూముల సుస్థిర యాజమాన్యం: స్వతంత్ర మూల్యాంకనం ఎక్కడ తప్పుతోంది?

గుజరాత్‌లోని కచ్ జిల్లాలో బన్ని పచ్చిక మైదానం సుమారు 2,500 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించి ఉంది. రణ్ వైపు నుంచి ఉప్పునేల ముందుకు రాకుండా అడ్డుకట్ట వేయాలన్న ఉద్దేశంతో 1960ల ఆరంభంలో అటవీ శాఖ అక్కడ ప్రోసోపిస్ జూలిఫ్లోరాను నాటించింది. నాటిన విస్తీర్ణం, బతికిన మొక్కలు, పెరిగిన పచ్చదనం అనే కొలమానాలతో చూస్తే అది సఫలమైన పథకమే. ఎండను, ఉప్పును, నీటి ఎద్దడిని తట్టుకుని ఆ చెట్టు మైదానంలో అల్లుకుపోయింది. అయితే బన్నిలోని మాల్‌ధారీ పశుపాలకుల జీవనం గడ్డిపై ఆధారపడినది. చెట్టు విస్తరించిన చోటల్లా గడ్డి వెనక్కు తగ్గింది. కాయలు తిన్న కాంక్రేజ్ ఆవులు జబ్బు పడుతున్నాయని చెబుతూ అనేకులు గేదెల పెంపకం వైపు మళ్ళారు. మరికొందరు అదే చెట్టును బొగ్గుగా కాల్చి బతుకుతున్నందున, ఇప్పుడు దానిని తొలగించాలన్నా ఏకాభిప్రాయం కుదరడం లేదు.

కచ్‌లో ఆ చెట్టును ‘గాండో బావళ్’, అంటే పిచ్చి తుమ్మ అంటారు. తెలుగునాట అదే చెట్టు సర్కారు తుమ్మ. ఒక పేరు దానిని తెచ్చినదెవరో చెబుతుంది, రెండవది తెచ్చినందువల్ల ఏమైందో చెబుతుంది. జనం పెట్టిన ఈ రెండు పేర్లూ ఒక విధంగా మూల్యాంకనాలే. పథకం నివేదిక అడగని ప్రశ్న ఆ పేర్లలో ఉంది: పశువుకు మేత పెరిగిందా, తగ్గిందా?

మేత భూముల అభివృద్ధి పథకాలకు ‘స్వతంత్ర మూల్యాంకనం’ ఇప్పుడు దాదాపు తప్పనిసరి అయింది. బయటి సంస్థకు పని అప్పగించడంతోనే స్వతంత్రత సిద్ధించినట్లు భావించడం పరిపాటి. కానీ ఆ సంస్థ పథకం గీసిన సరిహద్దులోనే తిరిగి, పథకం సేకరించిన ఆధార సర్వేతోనే పోల్చి, పథకం ఎంచుకున్న సూచికలనే కొలిస్తే ఆ నివేదిక ఎవరు రాసినా ఒక్కటే. వ్యవసాయ పొలంలో ఈ లోపం కొంతవరకు చెల్లుతుంది. పొలం గట్టు దాటి పంట ఎటూ పోదు. మేత భూమి సంగతి వేరు. దానిని వాడుకునేది నాలుగు కాళ్ళతో నడిచే మంద.

మనకు సుపరిచితమైన దృశ్యమే చూద్దాం. ఒక గ్రామంలో మేత పోరంబోకు చుట్టూ కందకం తవ్వి, స్టైలో, అంజన్ గడ్డి విత్తనం చల్లి, మూడేళ్ళ పాటు మేపు నిషేధిస్తారు. గడ్డి పెరుగుతుంది, పెరగకపోతేనే ఆశ్చర్యపడాలి. కానీ ఆ మూడేళ్ళు ఊరి మంద ఎక్కడ మేసింది? సగటున 30 కిలోల బరువున్న గొర్రెకు శరీర బరువులో 3 శాతం చొప్పున రోజుకు 900 గ్రాముల పొడి పదార్థం కావాలి. 200 గొర్రెల మందకు 100 రోజులకు 18 టన్నులు. హెక్టారుకు ఒక టన్ను పొడిగడ్డి దిగుబడి వచ్చి, అందులో సగం మాత్రమే మేపదగినదని భావిస్తే, అందుకు 36 హెక్టార్ల బీడు కావాలి. మంద అమ్ముడుపోకపోతే, ఆ ఒత్తిడి పక్క గ్రామం కంచల మీదనో, అటవీ అంచు మీదనో, వాగు పోరంబోకు మీదనో పడి తీరుతుంది. కందకం లోపల లాభంగా కనిపించే గడ్డిలో కొంత భాగం వెలుపలి నష్టానికి మరో రూపం. ఈ బదిలీని లెక్కించని మూల్యాంకనం సగం ఖాతా పుస్తకం వంటిది. 2019 పశుగణన ప్రకారం దేశంలోని 7.43 కోట్ల గొర్రెలలో తెలంగాణలో 1.91 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్లు ఉన్నాయి. దేశపు గొర్రెలలో దాదాపు సగం ఉన్న ఈ రెండు రాష్ట్రాలలో ఆ విస్మరణ చిన్నది కాదు.

కాబట్టి మూల్యాంకనానికి ప్రమాణం మంద కావాలి. సర్వే నంబరు సరిపోదు. పథకం మొదలు కాకముందు పది, పదిహేను మందలు ఏ నెలలో ఎక్కడ మేశాయో కాపరులతో కూర్చుని పటం గీయాలి. అదే పనిని పథకం మధ్యలో, ముగిసిన తరువాత మళ్ళీ చేయాలి. ఖరీదైన పరికరం అవసరం లేదు. ఓపిక కావాలి, సరైన కాలంలో వెళ్ళాలి.

కాలం విషయంలోనే మన సర్వేలు తరచు దెబ్బతింటున్నాయి. ఆర్థిక సంవత్సరం మార్చితో ముగుస్తుంది గనుక క్షేత్ర సర్వేలు జనవరి తరువాత ఊపందుకుంటాయి. మెట్ట ప్రాంతాలలో గొర్రెల కాపరులు మందలు తోలుకుని ఆయకట్టు ప్రాంతాలకు వలస వెళ్ళేది కూడా అప్పుడే. ఇంటి వద్ద దొరికేది భూమి ఉన్న రైతు, కమిటీ సభ్యుడు, మహా అయితే నాలుగు పాడి గేదెలున్న కుటుంబం. పథకం వల్ల మేపు హక్కు కోల్పోయిన కాపరి నమూనాలోనే ఉండడు. నాలుగు మేకలు పెంచుకునే భూమిలేని స్త్రీ ఊరిలోనే ఉన్నా, కుటుంబ పెద్దను మాత్రమే పలకరించే ప్రశ్నావళి ఆమెను చేరదు. లబ్ధిదారులలో ఇంత శాతం సంతృప్తి వ్యక్తం చేశారన్న వాక్యం చదివినప్పుడు, ఆ సర్వే ఏ నెలలో జరిగిందని ముందుగా అడగాలి.

వర్షం మరో చిక్కు. అనంతపురం వంటి జిల్లాలో సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు; ఏటికేడాది దాని హెచ్చుతగ్గులు విపరీతం. మేత భూముల పథకాలు సాధారణంగా కరువు తరువాత మంజూరవుతాయి, ఎందుకంటే నిధులు కదిలేది అప్పుడే. ఆధార సర్వే కరువు ఏట జరిగి, తుది సర్వే మామూలు ఏట జరిగితే, ఏమీ చేయకపోయినా గడ్డి పెరిగినట్లే తేలుతుంది. దీనికి విరుగుడు అగ్రానమీ విద్యార్థికి మొదటి ఏడాదిలోనే నేర్పేది: నియంత్రణ మడి. ఎరువుల ప్రయోగంలో నియంత్రణ మడి లేకుండా సిద్ధాంత గ్రంథం సమర్పిస్తే ఏ పరీక్షకుడూ అంగీకరించడు. కోట్ల రూపాయల భూ యాజమాన్య పథకానికి అదే సడలింపు ఎందుకు ఇస్తున్నామో అర్థం కాదు. నేల, వాలు, ఊరి నుంచి దూరం, మందల ఒత్తిడి సరిపోలే గ్రామాలను ముందుగానే ఎంచుకుని, రెండు చోట్లా ఒకే వారంలో కొలవాలి. ఒక జాగ్రత్త అవసరం. పథకానికి సాధారణంగా ఐకమత్యం ఉన్న గ్రామాలే ఎంపికవుతాయి. అటువంటి ఊరిని తగవులున్న ఊరితో పోల్చితే తేలేది గ్రామ నాయకత్వపు ఫలితమే. యాజమాన్య పద్ధతి ఫలితం తేలదు.

ఏమి కొలవాలన్నది కూడా మళ్ళీ ఆలోచించవలసిన అంశం. ఉపగ్రహ చిత్రాలు మూల్యాంకనదారుకు గొప్ప స్వేచ్ఛనిచ్చాయి. లాండ్‌శాట్ 30 మీటర్ల చిత్రాలు 1980ల నుంచి ఉన్నాయి, 2008 నుంచి ఉచితంగా లభిస్తున్నాయి. సెంటినెల్-2 చిత్రాలు 10 మీటర్ల స్పష్టతతో 2015 నుంచి అందుతున్నాయి. పథకం ఇచ్చిన ఆధార సర్వేపై ఆధారపడకుండా, పాత సంవత్సరాల స్థితిని తానే తిరిగి నిర్మించుకునే అవకాశం ఇదే మొదటిసారి. అయితే పచ్చదన సూచికకు తంగేడుకూ అంజన్ గడ్డికీ తేడా తెలియదు. తంగేడును పశువులు ముట్టవు; అతిగా మేపిన బీడులో మిగిలేది అదే. సర్కారు తుమ్మ వేసవిలోనూ పచ్చగా ఉంటుంది. అందువల్ల క్షీణిస్తున్న మేత భూమి కూడా చిత్రంలో పచ్చబడుతున్నట్లు కనిపించవచ్చు. ఒక సులభమైన ఉపాయం ఉంది. మెట్ట బీళ్ళలో గడ్డి ఎండిపోయే మార్చి, ఏప్రిల్ నెలల చిత్రాలను విడిగా చూడాలి. అప్పటికీ పచ్చగా ఉన్నది చాలావరకు పొదలు, చెట్లే. వర్షాకాలపు పచ్చదనంతో పాటు ఆ వేసవి పచ్చదనం కూడా ఏటేటా పెరుగుతూ ఉంటే సంతోషించే ముందు క్షేత్రానికి వెళ్ళాలి.

క్షేత్రంలో చదరపు మీటరు చట్రం వేసి కోసిన గడ్డిని బహువార్షికాలు, ఏకవార్షికాలు, పశువు ముట్టనివి అని విడదీసి తూచడం పాత పద్ధతే. వర్షాకాలం చివర ఒకసారి, మే నెలలో ఒకసారి తూచాలి. మొదటిది ఎంత పండిందో చెబుతుంది. రెండవది కరువు నెలలో ఎంత మిగిలిందో చెబుతుంది. కాపరికి కావలసిన లెక్క రెండవదే. ఇంత శ్రమను ఒక్క మొత్తం దిగుబడి అంకెలో కలిపేయడం వృథా. చీపురుగడ్డి పెరిగి అంజన్ గడ్డి తగ్గిన బీడులో మొత్తం బరువు మారకపోవచ్చు, మేత మాత్రం పోయినట్లే.

ఇక డబ్బు. 2008 నాటి వాటర్‌షెడ్ ఉమ్మడి మార్గదర్శకాలు పథకం నిధులలో 50 శాతాన్ని పనులకు, 1 శాతాన్ని మూల్యాంకనానికి కేటాయించాయి. ఆ ఒక్క శాతం కూడా పథకం ఖాతా నుంచే, పథకం కాలంలోనే, అంటే నాలుగు నుంచి ఏడేళ్ళలోపే ఖర్చు కావలసి ఉండేది. కంచె తీసిన తరువాత ఏమైందన్న ప్రశ్నకు అందులో చోటు లేకపోయింది. ప్రపంచ బ్యాంకులో ముగింపు నివేదికను పథకం బృందమే రాసినా, దానిని సమీక్షించే స్వతంత్ర విభాగం యాజమాన్యానికి కాక డైరెక్టర్ల బోర్డుకు జవాబుదారీగా ఉంటుంది. ఆ విభాగం తీర్పులన్నీ సరైనవని కాదు; జీతం ఇచ్చేవారికీ తీర్పు వినేవారికీ మధ్య కనీసం ఒక గోడ ఉంది. మనవద్ద పథకం అమలు చేసిన శాఖ పిలిచిన టెండరులో ఎంపికైన సంస్థ, చివరి వాయిదా సొమ్ము అందే ముందు అదే శాఖకు ముసాయిదా చూపవలసి వస్తే, ఆ సంస్థ ఎంత నిజాయితీ గలదైనా భాష మెత్తబడుతుంది.

నియంత్రణ గ్రామాల విషయంలో నైతిక అభ్యంతరం ఒకటి వినవస్తుంది. ఏ సాయమూ అందని ఊరికి వెళ్ళి గడ్డి తూచి రావడం ఎంతవరకు సబబన్నది న్యాయమైన ప్రశ్నే. పథకం దశలవారీగా విస్తరించేటప్పుడు రెండవ దశ గ్రామాలనే మొదటి దశకు నియంత్రణగా తీసుకుంటే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. అందుకు దశల క్రమాన్ని ముందుగానే ప్రకటించి, మధ్యలో ఎవరి సిఫారసు మీదా మార్చకుండా ఉండాలి. అన్నింటికన్నా కష్టమైన షరతు బహుశా ఇదే.

వ్యవసాయ విశ్వవిద్యాలయాలకు ఇందులో అరుదైన అవకాశం ఉంది. రెండు రాష్ట్రాలలోనూ ముగిసిపోయిన వాటర్‌షెడ్ పథకాల మేత భూములు ఏ నిధులూ అక్కరలేకుండా ప్రయోగశాలలుగా పడి ఉన్నాయి. ఒక్కొక్క స్నాతకోత్తర విద్యార్థికి అటువంటి ఒక గ్రామాన్ని, దానికి సరిపోలే పొరుగు గ్రామాన్ని అప్పగించవచ్చు. పథకం ముగిసి అయిదేళ్ళు, పదేళ్ళు దాటిన ఊళ్ళే మేలు. విద్యార్థికి ఏ శాఖా జీతం ఇవ్వదు, ముసాయిదా ముందుగా చూపమనీ అడగదు. పాత నివేదికలో పేర్కొన్న కందకం ఇంకా ఉందో పూడిందో చూడాలి, లోపలా వెలుపలా చట్రం వేసి గడ్డి తూచాలి, మందలు తిరిగివచ్చే తొలకరి దాకా ఆగి కాపరులతో మాట్లాడాలి. ఏ ఫలితం తేలినా, ఏమీ తేలకపోయినా, క్షేత్ర గణాంకాలు మొత్తం విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఎవరైనా తిరిగి లెక్కించుకునేలా ఉంచాలి. ఈ ఖరీఫ్ ముగిసేలోపు రెండు, మూడు కళాశాలలు పూనుకుంటే, వర్షాకాలాంతపు మొదటి తూకం అక్టోబరులోనే సాధ్యం.